ప్రింటర్ షేరింగ్

ప్రింటర్ షేరింగ్ అనగా ఒక కంప్యూటరుకు కలిపిన ప్రింటరును అదే నెట్‌వర్కులోని ఇతర కంప్యూటర్లు కూడా వాడుకొనుటకు వీలు కల్పించే సదుపాయము. విండోస్‌లో ఇది ఫైళ్ళ షేరింగ్‌తో జంటగా ఉంటుంది. అవసరము లేనప్పుడు దీనిని నిలుపుదల చేయడము కంప్యూటరు భద్రతకు ఒక సులభమైన జాగ్రత్త.

వాడుక

హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతాలు పోటీ పరీక్షల శిక్షణా కేంద్రాలకు పేరుపొందినవి. దరఖాస్తులు, హాల్ టికెట్లు ముద్రించి ఇచ్చే ఇంటర్నెట్ కేంద్రాలలో కంప్యూటర్లు అనేకము, ప్రింటరు ఒక్కటే అయినచో షేరింగ్ ఎంతో ఉపయోగకరము. హాస్టల్ గదిలో సొంత ల్యాప్‌టాప్ వాడుకొనే విద్యార్థికి సాధారణముగా దీని అవసరము ఉండదు.

పనిచేసే విధానము

విండోస్‌లో షేరింగ్ ప్రధానముగా సర్వర్ మెసేజ్ బ్లాక్ (ఎస్.ఎం.బి.) అను ప్రోటోకాల్ ద్వారా జరుగుతుంది. ఇందుకు 445వ పోర్టును, పాత పద్ధతిలో 137, 138, 139 పోర్టులను వాడతారు. వచ్చిన పనులను వరుసలో నిలిపి ప్రింటరుకు పంపే ప్రోగ్రామును ప్రింట్ స్పూలర్ అంటారు. ఇది విండోస్‌లో అత్యున్నత అధికారాలతో నడుస్తుంది. కనుక ఇందులో లోపము ఉన్నచో చొరబాటుదారునికి కంప్యూటరు మొత్తము వశమయ్యే ప్రమాదము కలదు.

ముఖ్య సంఘటనలు

* 2010: స్టక్స్‌నెట్ అను వార్మ్ వ్యాపించిన మార్గాలలో ప్రింట్ స్పూలర్ లోపము ఒకటి. ప్రింటరును షేర్ చేసిన కంప్యూటర్లలోనికి ఇది తన ఫైళ్ళను పంపగలిగినది. మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరము సెప్టెంబరులో సవరణ విడుదల చేసినది.
* 2017: మే నెలలో వాన్నాక్రై అను రాన్సమ్‌వేర్ ఎస్.ఎం.బి. పాత రూపములోని లోపము ద్వారా ప్రపంచమంతటా వ్యాపించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడినవి. దీనికి సవరణ మార్చి నెలలోనే విడుదలైనది. దానిని స్థాపించుకోని కంప్యూటర్లకే ప్రధానముగా నష్టము కలిగినది.
* 2021: ప్రింట్‌నైట్‌మేర్ అను స్పూలర్ లోపము బయటపడగా, జూలైలో మైక్రోసాఫ్ట్ అత్యవసర సవరణ ఇచ్చినది.
* 2024: లినక్స్‌లో వాడే కప్స్ అను ముద్రణ వ్యవస్థలోను తీవ్రమైన లోపాలు సెప్టెంబరులో వెల్లడైనవి.

నిలుపుదల చేయు విధానము

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌లోని ప్రింటర్ల జాబితా తెరచి, ప్రింటరును ఎంచుకొని, ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని షేరింగ్ భాగములో 'షేర్ దిస్ ప్రింటర్' ఎదుట ఉన్న టిక్కును తీసివేయవలెను. తరువాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్'ను ఆపివేయవలెను. రెండవ మార్పుతో ఫైళ్ళ షేరింగ్ కూడా ఆగిపోతుంది.

ఇట్లు చేసినను యు.ఎస్.బి. తీగతో కలిపిన ప్రింటరుపై ఆ కంప్యూటరు నుండి ముద్రణ యథాప్రకారము జరుగుతుంది. ఇతర కంప్యూటర్లు మాత్రము దాని ద్వారా ముద్రించలేవు.

పరిమితులు, జాగ్రత్తలు

షేరింగ్ నిలిపినంత మాత్రమున స్పూలర్ ఆగదు. కావున విండోస్ నవీకరణలు తప్పనిసరి. హాస్టల్, గ్రంథాలయము వంటి చోట్ల వైఫైకి కలిపినప్పుడు నెట్‌వర్కును 'పబ్లిక్'గా ఎంచుకొనుట మేలు. షేరింగ్ తప్పనిసరి అయిన కేంద్రాలలో పాస్‌వర్డ్ రక్షణ, ఫైర్‌వాల్ ఉంచి, వినియోగదారుల వైఫైని వేరుగా ఏర్పరచవలెను. 445వ పోర్టును ఇంటర్నెట్ వైపు తెరచి ఉంచరాదు.

ఇవి కూడా చూడండి

* కంప్యూటర్ వైరస్
* ఫైర్‌వాల్
* ప్రింటర్