కొసరు నుంచి ఆఫర్ దాకా: మన అంగడి తూకాల కథ

ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని రాస్తాము. ఈసారి మా గ్రూపు తరఫున అంగడి లెక్క రాస్తున్నాము. మనం తెచ్చుకునే కూలిలో, తీసుకునే అప్పులో ఎక్కువ భాగం అంగడికే పోతుంది కదా. ఆ అంగట్లో తూకం ఎట్లా మారింది, తగ్గింపు ఎట్లా మారింది అని పెద్దవాళ్లను అడిగి, చదివి తెలుసుకున్నాము. ఇందులో మేము చేసిన పొరపాటు కూడా ఒకటి రాసినాము.

పడి, వీశె, కొసరు

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు కిందనే ఉన్నాము. అందుకే మన అవ్వల నోట్లో మద్రాసు కొలతలే ఉండేవి. బియ్యం, రాగులు పడితో కొలిచేవాళ్లు. నూనెకు సోల, గిద్ద. బెల్లం, చింతపండు వీశెల లెక్క. వీశె అంటే ఇప్పటి లెక్కలో సుమారు 1 కిలో 400 గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు.

కొలిచేటప్పుడు మొదటి పడిని ఒకటి అనరు, "లాభం" అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. కొలత అయిపోయినాక మన ఆడవాళ్లు చెయ్యి చాపి "కొసరు వెయ్యి సెట్టీ" అనేవాళ్లు. ఆయన ఒక పిడికెడు పైన వేసేవాడు. చిన్న పిల్లోడు వెంట పోతే బెల్లం ముక్కో, గుప్పెడు బొరుగులో చేతిలో పెట్టేవాడు. అసలు కంటే కొసరు ముద్దు అనే సామెత ఊరికే రాలేదు.

అయితే ఆ కాలం అంతా మంచిదే అని చెప్పడానికి లేదు. పడి అడుగున సొట్ట ఉంటే ఎవరికి తెలుసు? తలకొట్టి కొలిచే పడి వేరు, గోపురంగా కొలిచే పడి వేరు. కూలి ఇచ్చేటప్పుడు చిన్న పడి, అప్పు వసూలు చేసేటప్పుడు పెద్ద పడి తీసేవాళ్లని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కొసరు కూడా అందరికీ ఒకే రకంగా పడేది కాదు.

కిలో వచ్చినాక

1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చినాయి. పదహారు అణాల రూపాయి నూరు పైసలు అయింది. 1956 తూనికల చట్టం ప్రకారం 1958 అక్టోబరు నుంచి కిలోలు, గ్రాములు విడతలవారీగా వచ్చి, 1962 నాటికి దేశమంతా తప్పనిసరి అయినాయి. దాంతో తూకపు రాయి మీద ప్రభుత్వ ముద్ర ఉండాలి, ఊరికొక పడి చెల్లదు. ఇది పేదవాళ్లకు మేలే.

తర్వాత పొట్లం పోయి ప్యాకెట్ వచ్చింది. 1977లో ప్యాకెట్ సరుకుల నియమాలు తెచ్చినారు. లోపల ఎంత ఉంది, ఎవరు తయారు చేసినారు, ఎప్పుడు చేసినారు అనేది పైన రాయాలి. టీ, కాఫీ, బిస్కెట్లు, నూనె, ఉప్పు, సబ్బులు లాంటి వాటిని నిర్ణయించిన సైజుల్లోనే కట్టాలి అని కూడా పట్టిక పెట్టినారు. 1990లో అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, అదే మనం ఎమ్మార్పీ అనేది, ముద్రించాలని వచ్చింది.

అదే కాలంలో చిన్న ప్యాకెట్ పుట్టింది. మన పక్కన తమిళనాడులో కడలూరు నుంచి 1980లలో షాంపూ సాచెట్లు పల్లెలకు వచ్చినాయి. చిక్ షాంపూ వాళ్లు ఖాళీ సాచెట్లు తెచ్చిస్తే ఒకటి ఉచితం అని పెట్టినారు. ఒక రూపాయి ఉన్న మనిషి కూడా కొనగలిగింది, అది మంచిదే. కానీ ఆ అలవాటు టీ పొడికి, కాఫీ పొడికి, నూనెకు కూడా పాకింది. రోజూ కొంచెం కొంచెం కొనేవాళ్లకే ఎక్కువ రేటు పడుతుంది. చేతిలో డబ్బు లేకపోవడానికి కూడా మనం ధర కడుతున్నాము.

రిబేటు అంటే ఏమి

రిబేటు మాట మనకు ఖద్దరు అంగడి బోర్డు మీద తెలుసు. కానీ సరుకుల్లో రిబేటుకు వేరే చరిత్ర ఉంది. 1844లో ఇంగ్లండులో రాక్‌డేల్ అనే ఊర్లో 28 మంది పనివాళ్లు కలిసి సొంతంగా అంగడి పెట్టుకున్నారు. పిండి, వెన్న, చక్కెర లాంటి నాలుగైదు సరుకులతో మొదలు. కల్తీ లేదు, తూకం తగ్గించేది లేదు. మిగిలిన లాభాన్ని, ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన వాళ్లకే తిరిగి ఇచ్చినారు. ఆ పద్ధతి చూసి 1904లో మద్రాసులో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ పెట్టినారు. అప్పుడు మనం కూడా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాము.

ఇప్పుడు పెద్ద అంగళ్లలో ఇచ్చే "ఒకటి కొంటే ఒకటి", పాయింట్లు, ఫోన్లో వచ్చే క్యాష్‌బ్యాక్ వేరే రకం. అక్కడ ఏమి ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనేది అమ్మేవాళ్ల ఇష్టం. రాక్‌డేల్‌లో అది కొనేవాళ్ల హక్కు. ఈ తేడా మన గ్రూపులు గుర్తుపెట్టుకోవాలి.

ప్రభుత్వం ఇచ్చిన సంచి

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు ఎన్నో ఇండ్లలో రాత్రిపూట అన్నం వండినారు. 2013 ఉగాదికి అమ్మహస్తం వచ్చింది. 185 రూపాయలకు తొమ్మిది సరుకులు. కందిపప్పు కిలో, పామాయిల్ లీటరు, చింతపండు అరకిలో, కారం పొడి 250 గ్రాములు, పసుపు 100 గ్రాములు, ఇట్లా లెక్కగా ఉండేవి. సంచి విప్పి చూస్తే ఒక ఇంటికి నెలకు ఏమి కావాలో ప్రభుత్వం ఏమనుకుంటుందో తెలిసేది.

2022: అన్నీ ఒకేసారి మారిన సంవత్సరం

ఆ సంవత్సరం ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది, మే నెలలో మళ్లీ వదిలింది. నూనె ధర మన పొయ్యి దాకా తగిలింది.

జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాక్ చేసి పేరు వేసిన బియ్యం, పప్పు మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. బస్తా 1,400 అనుకుంటే 70 రూపాయలు పన్ను. దానికి మిల్లులవాళ్లు 26 కిలోల బస్తా తెచ్చినారు. 25 దాటితే ఆ పన్ను లేదు. అన్ని ప్యాకెట్లూ చిన్నవి అవుతుంటే బియ్యం బస్తా ఒక్కటి పెద్దది అయింది! బస్తా మొత్తం కొనగలిగినవాళ్లకు పన్ను తప్పింది. ఐదు కిలోల ప్యాకెట్ కొన్నవాళ్లకు తప్పలేదు.

అదే సంవత్సరం సైజుల పట్టిక కూడా తీసేసినారు. కంపెనీ ఎంత అంటే అంత కట్టుకోవచ్చు. దానికి బదులు గ్రాముకు లేక కిలోకు ఎంత పడుతుందో ప్యాకెట్ మీద రాయాలని పెట్టినారు. అప్పటి నుంచి నూనె ప్యాకెట్లు 910 గ్రాములు, 850, 800, 750 అని రకరకాలుగా కనిపిస్తున్నాయి. కవరు మాత్రం చూసేదానికి అన్నీ ఒకటే. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. ఉదాహరణకు 850 గ్రాములది 130 రూపాయలు, 910 గ్రాములది 136 రూపాయలు అనుకోండి. మొదటిది చవక అనిపిస్తుంది. 100 గ్రాములకు లెక్కేస్తే మొదటిది 15 రూపాయల 29 పైసలు, రెండోది 14 రూపాయల 95 పైసలు. చవక అనుకున్నదే ప్రియం.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, స్నానం సబ్బుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కు చిల్లర ఎట్లా తగ్గిస్తారు? ధర అట్లే పెట్టి గ్రాములు పెంచే దారి వచ్చింది. గ్రాములు చదవడం రానివాళ్లకు తగ్గిందీ తెలియదు, పెరిగిందీ తెలియదు.

మా గ్రూపులో జరిగింది

ఒకసారి పండక్కి అందరం కలిసి నూనె డబ్బాలు తెచ్చినాము. కిలో లెక్కన చూస్తే బాగా చవక అనుకొని డబ్బు కట్టినాము. ఇంటికొచ్చి పంచుకుంటే చివరి ఇద్దరికి తక్కువ పడింది. డబ్బా చూస్తే 15 లీటర్లు అని ఉంది. మేము 15 కిలోలు అనుకున్నాము. 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములే. అంగడి మోసం కాదు, మేము చదవలేదు. ఆ లోటు అందరం పంచుకున్నాము.

రెండోది ఇంకా కష్టమైంది. మేము కందిపొడి 200 గ్రాముల ప్యాకెట్ 60 రూపాయలకు అమ్ముతున్నాము. కందిపప్పు ధర పెరిగి గిట్టుబాటు కాలేదు. "అదే కవర్లో 180 వేద్దాం అక్కా, ధర అంతే పెడదాం, ఎవరు తూకం వేస్తారు?" అని ఒక చెల్లెలు అన్నింది. కవరు మీద 180 అనే రాస్తాము కాబట్టి చట్టప్రకారం తప్పు కూడా కాదు. చాలామంది సరే అన్నారు. నిజం చెప్పాలంటే మేము కూడా ఒప్పుకునేదానికి సిద్ధంగానే ఉన్నాము.

అప్పుడు మా గ్రూపులో అందరికంటే పెద్దామె, "మనమే కదమ్మా నూనె ప్యాకెట్ చిన్నది చేసినారని పోయిన మీటింగులో తిట్టింది" అని ఒక్క మాట అన్నింది. ఎవరూ మాట్లాడలేదు.

చివరికి 200 గ్రాములే ఉంచి ధర 66 చేసినాము. ఎందుకు పెంచినామో చీటీ రాసి అంగళ్లకు ఇచ్చినాము. రెండు నెలలు అమ్మకం తగ్గింది. ఒక అంగడి ఆయన మా ప్యాకెట్ మానేసినాడు, ఇంతవరకు మళ్లీ తీసుకోలేదు. మిగతా చోట్ల మెల్లగా కోలుకున్నాము. దీంట్లో మాకు లాభం ఎక్కువ వచ్చిందని చెప్పలేము. మీటింగులో తలెత్తి మాట్లాడుతున్నాము, అంతే.

మా మనవి

తిరుమల ప్రసాదాలకు దిట్టం ఉందని మన పక్క అందరికీ తెలుసు. ఇంత పిండికి ఇంత చక్కెర, ఇంత నెయ్యి అని రాసి పెట్టిన కొలత. మన సమాఖ్య సరుకులకు కూడా అట్లాంటి దిట్టం ఒకటి రాసుకుందాం. గ్రాములు తగ్గించాల్సి వస్తే కవరు మీద పెద్దగా రాద్దాం. కలిసి కొన్న సరుకులో వచ్చే తగ్గింపును, ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన పుస్తకంలో రాసి పంచుకుందాం.

కొనేటప్పుడు ధర కంటే ముందు గ్రాములు చూద్దాం. తూకంలో, ఎమ్మార్పీలో తేడా ఉంటే తూనికలు కొలతల శాఖకు చెప్పొచ్చు, 1915కు ఫోన్ చేయొచ్చు. చదవడం రాని అక్కలకు ప్రతి మీటింగులో ఒక ప్యాకెట్ తెచ్చి చదివి చూపిద్దాం. మా గ్రూపులో ఇది మొదలైంది. పోయిన నెల సంతకం మాత్రమే వచ్చిన ఒక అక్క, టీ పొడి ప్యాకెట్ తిప్పి చూసి, "ఇది 250 కాదు, 240" అని తనే చెప్పింది.