గునైట్ నుంచి షాట్‌క్రీట్ వరకు: ఈత కొలను గోడ నాణ్యత – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఈత కొలను కట్టించేవారి మధ్య గునైట్ మేలా, షాట్‌క్రీట్ మేలా అన్న చర్చ తరచుగా సాగుతుంది. నిజానికి ఈ రెండు పేర్లూ ఒకే ప్రక్రియ చరిత్రలో వేర్వేరు దశల్లో పుట్టినవి. గాలి ఒత్తిడితో కాంక్రీటును వేగంగా విసిరి, ఆ తాకిడితోనే దానిని దట్టపరచడం ఈ ప్రక్రియ సారాంశం. ఈ పేర్ల చరిత్రను పరిశీలిస్తే, కొలను గోడ నాణ్యత పేరులో గాని యంత్రంలో గాని లేదని, పనివాని చేతిలోనూ ఆ చేతికి దొరికే వ్యవధిలోనూ ఉందని స్పష్టమవుతుంది.

యంత్రం పుట్టుక

ఈ యంత్రాన్ని రూపొందించినవాడు ఇంజనీరు కాదు. చనిపోయిన జంతువుల చర్మాలకు సజీవరూపం కల్పించే నిపుణుడు కార్ల్ ఏక్లీ (1864–1926). ఆయన పనిచేసిన షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం అప్పట్లో 1893 నాటి ప్రపంచ ప్రదర్శన భవనంలో ఉండేది. పెచ్చులూడుతున్న దాని వెలుపలి గోడలకు పూత వేయడానికి 1907లో ఆయన ఒక పరికరాన్ని సిద్ధం చేశాడు. పొడి మిశ్రమం గాలి ఒత్తిడితో గొట్టం గుండా వచ్చి, చివరనున్న నాజిల్ వద్ద నీటితో కలిసేది. 1911లో దీనికి పేటెంటు లభించింది. పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్ కేంద్రంగా పనిచేసిన సిమెంట్ గన్ కంపెనీ ‘గునైట్’ అన్న పేరును తన వ్యాపార చిహ్నంగా చేసుకుంది.

పేర్ల ప్రస్థానం

వ్యాపార చిహ్నాన్ని సాంకేతిక పత్రాల్లో వాడడంలో ఇబ్బంది ఉంది. అందుకే 1930ల తొలినాళ్లలో అమెరికన్ రైల్వే ఇంజనీర్ల సంఘం ‘షాట్‌క్రీట్’ అన్న పదాన్ని ప్రవేశపెట్టింది. 1951లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ దానిని స్వీకరించింది. ఇదే దశకంలో ముందుగానే నీటితో కలిపిన కాంక్రీటును పంపుతో నెట్టి, నాజిల్ వద్ద గాలిని జోడించే తడి పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. క్రమంగా వాడుకలో పొడి పద్ధతికి ‘గునైట్’, తడి పద్ధతికి ‘షాట్‌క్రీట్’ అన్న విభజన స్థిరపడింది. పారిభాషికంగా మాత్రం షాట్‌క్రీట్ రెండింటినీ కలుపుకొన్న పదం.

తెలుగులో దీనిని ‘పిచికారీ కాంక్రీటు’ అనడం సులువే. అయితే పిచికారీ అనగానే పొలంలో మందు చల్లడం వంటి మృదువైన తుంపర స్ఫురిస్తుంది. ఇక్కడ ప్రధానమైనది తుంపర కాదు, తాకిడి. వేగం తగ్గితే కాంక్రీటు దట్టపడదు. పదం ఎంపికలోనే ప్రక్రియ సారం చేజారే ప్రమాదం ఉంది.

కొలను గోడలో జరిగేది

రెండో ప్రపంచ యుద్ధానంతరం దక్షిణ కాలిఫోర్నియాలో ఇంటి కొలనులు విస్తరించడానికి ఈ పద్ధతి తోడ్పడింది. తవ్విన మట్టి గోడే ఒకవైపు అచ్చుగా పనిచేయడంతో రెండు వైపులా సెంట్రింగ్ అవసరం తగ్గింది; వంపులు తిరిగిన ఆకారాలు సులభమయ్యాయి. ఈ సౌలభ్యంతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. విసిరిన మిశ్రమంలో కొంత భాగం గోడకు అంటక వెనక్కి ఎగిరిపడుతుంది. దీనిని రీబౌండ్ అంటారు. పొడి పద్ధతిలో నిలువు గోడలపై ఇది సుమారు 15 నుంచి 30 శాతం వరకు ఉంటుందని ప్రామాణిక గ్రంథాలు పేర్కొంటాయి. ఇందులో ఇసుక, కంకర ఎక్కువ, సిమెంటు తక్కువ. గోడ అడుగున, నేల కలిసే వంపులో ఇది పోగుపడుతుంది. దానిని తొలగించకుండా పైన కాంక్రీటు కొడితే, పైకి నున్నగా కనిపించే గోడ లోపల గుల్లబారిన పొర మిగిలిపోతుంది. ఇనుప చువ్వల వెనుక ఖాళీలు ఏర్పడడం మరో లోపం.

రీబౌండును తిరిగి వాడరాదన్న నియమం చిరకాలంగా ఉంది. అయినా దానిని ఎత్తి పారవేయడానికి కూలీ, సమయం, సరుకు నష్టం భరించాలి. మెట్లకు, కూర్చునే గట్లకు దానినే నింపడం ఆ ఖర్చును తప్పించే అడ్డదారి. భవన నియమావళులు సాధారణ కాంక్రీటుకు కనీసంగా అనుమతించిన చదరపు అంగుళానికి 2,500 పౌండ్ల బలాన్నే కొలనుకూ చాలుననుకోవడం ఇటువంటి సర్దుబాటే. అమెరికన్ షాట్‌క్రీట్ సంఘం కొలనులకు 28 రోజుల నాటికి కనీసం 4,000 పౌండ్ల బలాన్ని సూచించడం ఈ ధోరణికి సమాధానం. నీటిని ఆపవలసినది కాంక్రీటు గోడే. లోపలి ప్లాస్టర్ పైపూత మాత్రమే.

ప్రమాణం – మనిషి

1966లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ ఈ పనికి ఆచరణ ప్రమాణాన్ని వెలువరించింది. భారతదేశంలో ఐ.ఎస్. 9012 ప్రమాణం 1978లో వచ్చింది. తరువాతి దశలో నాజిల్ పట్టే పనివానికే పరీక్ష పెట్టి ధ్రువీకరించే పద్ధతి ఏర్పడింది. అభ్యర్థి చువ్వలున్న పలకపై కాంక్రీటు కొట్టాలి. దానినుంచి కోసిన ముక్కలను పరిశీలిస్తారు. పొడి పద్ధతిలో నీటి పాళ్లను నిర్ణయించేది ఆ చేయే కనుక ఈ ధ్రువీకరణ సమంజసం.

అయితే ఇందులో ఒక అసమతుల్యత ఉంది. పరీక్షకు నిలబడేది పనివాడు; రీబౌండును ఎత్తడానికి తగినంతమంది మనుషులను పెట్టాలా వద్దా అని నిర్ణయించేది గుత్తేదారు. నైపుణ్యం ఉన్నా వ్యవధి లేకపోతే ఫలితం గుల్ల గోడే.

ముగింపు

పూత యంత్రంగా మొదలైన పరికరం నిర్మాణ సాధనంగా ఎదిగిన ఈ చరిత్రలో పేర్లు మారాయి, పద్ధతులు మారాయి. నాజిల్‌ను గోడకు లంబంగా పట్టడం, రాలినదాన్ని ఊడ్చివేయడం, గోడను తడిగా ఉంచి ఆరనివ్వకపోవడం మాత్రం మారలేదు. కనుక కొలను కట్టించేవారు అడగవలసినది గునైటా, షాట్‌క్రీటా అని కాదు; రాలిన రీబౌండు ఎక్కడికి పోయిందని.