మానిటర్ (ఓపెన్ వీఎంఎస్)

మానిటర్ అనేది ఓపెన్ వీఎంఎస్ ఆపరేటింగు సిస్టములో మెమొరీ, ప్రాసెసరు, డిస్కులు మొదలైన వాటి పనితీరును ఎప్పటికప్పుడు గమనించడానికి ఉపయోగించే ఆదేశం. దీనికి మౌసుతో గాని, కిటికీలతో గాని పని లేదు. ఆదేశాన్ని కీబోర్డుపై టైపు చేస్తే అంకెల పట్టిక తెరపై కనిపించి, కొన్ని సెకన్లకొకసారి మారుతూ ఉంటుంది. భారతీయ రైల్వేల ప్రయాణీకుల రిజర్వేషను వ్యవస్థ ఈ ఆపరేటింగు సిస్టము ఆధారంగానే దేశమంతటా విస్తరించింది. ఆ వ్యవస్థకు గల ఐదు కేంద్రాలలో సికింద్రాబాదు ఒకటిగా పనిచేసింది. అటువంటి వ్యవస్థలో ఆలస్యం జరిగితే దాని ఫలితాన్ని మొదట అనుభవించేది కౌంటరు ముందు వరుసలో నిలబడిన ప్రయాణీకుడే. ఆ ఆలస్యానికి కారణం మెమొరీ కొరతా, డిస్కు జాప్యమా, లేక మరొకటా అని తేల్చడానికి ఈ ఆదేశం తోడ్పడుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1977లో వాక్స్-11/780 అనే కంప్యూటరును ప్రకటించింది. దాని కొరకు రూపొందించిన వీఎంఎస్ ఆపరేటింగు సిస్టము మొదటి వెర్షను 1978లో వెలువడింది. వీఎంఎస్ అనే సంక్షిప్త నామానికి 'వర్చువల్ మెమొరీ సిస్టమ్' అని అర్థం. 1990ల ఆరంభంలో దీని పేరు ఓపెన్ వీఎంఎస్‌గా మారింది. డిజిటల్ సంస్థను 1998లో కాంపాక్, కాంపాక్‌ను 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ తమలో కలుపుకున్నాయి. 2014 నుండి దీని అభివృద్ధి వీఎంఎస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ చేతిలో ఉంది. వాక్స్, ఆల్ఫా, ఇటానియం ప్రాసెసర్ల తరువాత, 2022లో వెలువడిన 9.2 వెర్షనుతో ఇది సాధారణ ఎక్స్86-64 ప్రాసెసర్లపై కూడా నడవసాగింది.

సికింద్రాబాదు రిజర్వేషను కేంద్రం

దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు ప్రధాన కేంద్రంగా ఏర్పడింది. రైళ్ళ రిజర్వేషనును కంప్యూటరీకరించే పని 1985లో ఢిల్లీలో మొదలై, తరువాత ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకు విస్తరించింది. ఈ పనులను చూడడానికి రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం (క్రిస్) 1986లో ఏర్పడింది.

మొదట్లో ఈ కేంద్రాలు దేనికదే విడిగా ఉండేవి. ఒక కేంద్రం పరిధిలోని రైళ్ళకు మరొక కేంద్రపు కౌంటరులో నేరుగా టికెట్టు ఇవ్వడానికి వీలుండేది కాదు. ఈ లోటును తీర్చడానికి క్రిస్ రూపొందించిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరు 1990ల మధ్యలో అమలులోకి రాసాగింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. సికింద్రాబాదులో నిలబడి ఢిల్లీ నుండి తిరుగు ప్రయాణపు టికెట్టు కొనడం అప్పటి నుండి సాధారణ విషయమయింది. అయితే అనుసంధానం వలన ఒక బాధ్యత కూడా పెరిగింది. ఒక కేంద్రంలోని కంప్యూటరు నెమ్మదిస్తే ఆ ప్రభావం ఆ ఊరికే పరిమితం కాదు. ఆ రైళ్ళకు టికెట్టు కోరే ప్రతి ఊరి కౌంటరులోనూ ఆలస్యం కనిపిస్తుంది.

పేజీలు, పేజీ ఫాల్టులు

మానిటర్ చూపే అంకెలు అర్థం కావాలంటే వర్చువల్ మెమొరీ గురించి కొంత తెలియాలి. ఆపరేటింగు సిస్టము మెమొరీని పేజీలనే సమాన భాగాలుగా విభజిస్తుంది. వాక్స్ కంప్యూటర్లలో ఒక పేజీ పరిమాణం 512 బైట్లు, ఆల్ఫా కంప్యూటర్లలో 8,192 బైట్లు. ప్రతి ప్రోగ్రాముకు కొన్ని పేజీలు మాత్రమే తన వద్ద ఉంచుకునే హద్దు ఉంటుంది. ఆ పేజీల సముదాయాన్ని వర్కింగ్ సెట్ అంటారు. ప్రోగ్రాముకు కావలసిన పేజీ అందులో లేకపోతే పేజీ ఫాల్టు జరుగుతుంది. పేరులో ఫాల్టు ఉన్నా ఇది దోషం కాదు, పేజీ కావాలనే అభ్యర్థన మాత్రమే.

దీనిని పాఠశాల గ్రంథాలయంతో పోల్చవచ్చు. బల్లపై నాలుగు పుస్తకాలకే చోటున్నదనుకుందాం. అయిదవది కావలసివస్తే ఒకదానిని తీసి పక్కనున్న బుట్టలో వేస్తాము. ఆ పుస్తకం వెంటనే మళ్ళీ కావాలంటే చేయి చాస్తే చాలు. బుట్ట నిండి, పుస్తకం వెనుక గదిలోని బీరువాకు చేరిన తరువాత కావాలంటే లేచి వెళ్ళాలి. ఇక్కడ బల్ల వర్కింగ్ సెట్, బుట్ట మెమొరీలోనే ఉండే ఖాళీ పేజీల జాబితా, బీరువా డిస్కు. బుట్ట నుండి తీరే అభ్యర్థనను సాఫ్ట్ ఫాల్టు అనీ, బీరువా వరకు వెళ్ళవలసినదానిని హార్డ్ ఫాల్టు అనీ అంటారు. మొదటిదానికి పట్టే కాలం అత్యల్పం. రెండవదానికి, తిరిగే డిస్కు అయితే, ఇంచుమించు 10 మిల్లీసెకన్లు పడుతుంది.

ఉపయోగించే విధానం

డాలరు గుర్తు వద్ద మానిటర్ అనే పదాన్ని, దాని పక్కన చూడదలచిన తరగతి పేరును ఆంగ్ల అక్షరాలలో టైపు చేయాలి. తెరపై అంకెలు సాధారణంగా 3 సెకన్లకొకసారి మారుతాయి. ఈ వ్యవధిని ఇంటర్వల్ అనే అదనపు సూచనతో మార్చుకోవచ్చు. చాలా తరగతులలో ప్రతి అంశానికి ప్రస్తుత, సగటు, కనిష్ఠ, గరిష్ఠ విలువలు నాలుగు నిలువు వరుసలలో కనిపిస్తాయి. కంట్రోల్ మీటతో జెడ్ నొక్కితే ఆదేశం ముగుస్తుంది.

ముఖ్యమైన తరగతులు ఇవి:

* సిస్టమ్ - కంప్యూటరు మొత్తం స్థితిని ఒకే తెరపై క్లుప్తంగా చూపుతుంది.
* పేజ్ - పేజీ ఫాల్టుల రేటు, డిస్కు నుండి చదివిన రేటు, ఖాళీ పేజీల జాబితా పరిమాణం.
* మోడ్స్ - ప్రాసెసరు కాలం ఏ పనులకు ఖర్చవుతున్నదో, ఎంత ఖాళీగా ఉన్నదో చూపుతుంది.
* స్టేట్స్ - ఎన్ని ప్రాసెసులు ఏ స్థితిలో ఉన్నాయో లెక్కిస్తుంది. కామ్ అంటే ప్రాసెసరు కొరకు ఎదురుచూస్తున్నది, పీఎఫ్‌డబ్ల్యూ అంటే పేజీ కొరకు ఎదురుచూస్తున్నది, హిబ్ అంటే నిద్రాణ స్థితిలో ఉన్నది.
* ప్రాసెసెస్ - ప్రాసెసుల జాబితా. టాప్‌సీపీయూ, టాప్‌ఫాల్ట్ వంటి సూచనలతో ఎక్కువ వనరులు వాడుతున్నవాటిని వరుసగా చూడవచ్చు.
* డిస్క్ - ఒక్కొక్క డిస్కుపై పడే పని, దాని ముందు పేరుకున్న వరుస.
* లాక్ - ఒకే సమాచారం కొరకు పలు ప్రాసెసులు పోటీపడినప్పుడు వేచి ఉండవలసి వచ్చిన అభ్యర్థనల రేటు.

మొత్తం మెమొరీలో ఎంత వాడుకలో ఉన్నదో ఒక్కసారి చూస్తే చాలుననుకున్నప్పుడు షో మెమొరీ అనే వేరే ఆదేశం ఉన్నది.

అంకెలను అర్థం చేసుకోవడం

ఈ కింది అంకెలు వివరణ కొరకు ఊహించినవి. ఒక కంప్యూటరులో సెకనుకు 400 పేజీ ఫాల్టులు జరుగుతున్నాయి, డిస్కు నుండి చదివేది సెకనుకు 5 సార్లు మాత్రమే. మరొక కంప్యూటరులో ఫాల్టులు 120, కాని వాటిలో 90 డిస్కు వరకు వెళ్తున్నాయి. పెద్ద అంకెను చూసి మొదటిదే ఇబ్బందిలో ఉన్నదనుకోవడం పొరపాటు. మొదటిదానిలో డిస్కుకు ప్రతి సెకనులో 50 మిల్లీసెకన్ల పని మాత్రమే పడుతున్నది. రెండవదానిలో 90 సార్లకు 10 మిల్లీసెకన్ల చొప్పున 900 మిల్లీసెకన్లు, అనగా దాదాపు పూర్తి సెకను, పేజీలను తెచ్చుకోవడానికే సరిపోతున్నది. ఇక టికెట్టు వివరాలను చదవడానికి ఆ డిస్కుకు తీరికెక్కడ?

చికిత్స కూడా రెండింటికీ ఒకటి కాదు. రెండవ కంప్యూటరులో ఖాళీ పేజీల జాబితా కూడా చిన్నదై ఉంటే మెమొరీ పెంచడం సమంజసం. మొదటిదానిలో ఖాళీ పేజీలు పుష్కలంగా ఉండి సాఫ్ట్ ఫాల్టులే ఎక్కువైతే, వర్కింగ్ సెట్ హద్దులను పెంచితే చాలు, పైసా ఖర్చు లేదు. ఈ రెండూ సవ్యంగా ఉండి లాక్ తరగతిలో వేచి ఉన్న అభ్యర్థనలు పెరిగితే సమస్య మెమొరీది కానే కాదు. ఒకే బెర్తును ఇద్దరికి ఇవ్వకుండా ఉండాలంటే ఆ సమాచారాన్ని ఒకరి పని ముగిసేవరకు మరొకరు మార్చకూడదు కదా! ఒకే రైలుకు పలు కౌంటర్లు ఒకేసారి ఎగబడినప్పుడు కలిగే ఇటువంటి నిరీక్షణ ఎంత మెమొరీ కొన్నా తీరదు. ప్రోగ్రాము తీరును పరిశీలించవలసి ఉంటుంది.

సగటుతో జాగ్రత్త

రిజర్వేషను వ్యవస్థపై భారం రోజంతా ఒకేలా ఉండదు. 2015 నుండి తత్కాల్ రిజర్వేషను ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, ఇతర తరగతులకు 11 గంటలకు మొదలవుతున్నది. ఆ మొదటి నిమిషాలలోనే అభ్యర్థనలు వెల్లువెత్తుతాయి. ప్రాసెసరు 9 నిమిషాలు 20 శాతం, 1 నిమిషం 100 శాతం పనిచేస్తే 10 నిమిషాల సగటు 28 శాతం మాత్రమే. ఆ సగటును చూసినవారికి అంతా సుభిక్షంగా కనిపిస్తుంది. టికెట్టు దక్కేదీ దక్కనిదీ తేలేది మాత్రం ఆ ఒక్క నిమిషంలోనే. అందుచేత సగటుతో పాటు గరిష్ఠ విలువను కూడా చూడాలి, రద్దీ వేళలలో వ్యవధిని తగ్గించుకోవాలి.

నమోదు చేయడం

మానిటర్ అంకెలను రికార్డ్ అనే సూచనతో ఫైలులో భద్రపరచవచ్చు. ఆ ఫైలును తరువాత ఇన్‌పుట్ అనే సూచనతో మళ్ళీ తెరపై చూడవచ్చు, సమ్మరీ అనే సూచనతో సంగ్రహ నివేదికగా మార్చవచ్చు. కంప్యూటరు సవ్యంగా ఉన్న రోజులలో చేసిన నమోదే ఎక్కువ విలువైనది. మామూలు రోజున ఎన్ని ఫాల్టులు ఉంటాయో తెలియనివారు కష్టకాలంలో కనిపించే అంకె ఎక్కువో తక్కువో చెప్పలేరు. మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పటి రక్తపోటు తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

లినక్స్‌లో

ఓపెన్ వీఎంఎస్ అందుబాటులో లేని విద్యార్థులు ఈ పరిశీలనను లినక్స్ ఉన్న ఏ కంప్యూటరులోనైనా చేసి చూడవచ్చు. అక్కడ వీఎంస్టాట్ అనే ఆదేశం పక్కన 3 అని టైపు చేస్తే 3 సెకన్లకొకసారి ఒక వరుస కనిపిస్తుంది. మొదటి వరుసలోని రేట్లు కంప్యూటరు మొదలైనప్పటి నుండి గల సగటులు కనుక వాటిని వదిలివేయాలి. ఫ్రీ అనే వరుసలో అంకె చిన్నగా ఉన్నదని కంగారు పడనక్కరలేదు. ఖాళీ మెమొరీని లినక్స్ ఫైళ్ళను దాచి ఉంచడానికి వాడుకుంటుంది, అవసరమైనప్పుడు తిరిగి ఇస్తుంది. ఎస్ఐ, ఎస్ఓ అనే వరుసలు డిస్కులోని స్వాప్ భాగం నుండి వచ్చే, అక్కడికి వెళ్ళే మెమొరీని తెలుపుతాయి. ఈ రెండూ విడవకుండా పెద్ద అంకెలు చూపుతుంటేనే మెమొరీ చాలడం లేదని భావించాలి. పాత కంప్యూటరును పక్కన పడవేసే ముందు ఈ రెండు వరుసలను ఒకసారి చూడడం మంచిది.

పరిమితులు

మానిటర్ లక్షణాన్ని చూపుతుంది, కారణాన్ని స్వయంగా చెప్పదు. ప్రోగ్రాములోని ఏ భాగం వలన భారం కలిగిందో తెలుసుకోవడానికి వేరే సాధనాలు కావాలి. కంప్యూటరు బయట, అనగా కౌంటరుకు, కేంద్రానికి నడుమ గల సమాచార మార్గంలో జరిగే జాప్యం ఇందులో నేరుగా కనిపించదు. కేంద్రంలోని అంకెలన్నీ సవ్యంగా ఉండగా కౌంటరులో ఆలస్యం కొనసాగుతుంటే, వెదకవలసిన చోటు ఆ మార్గమే.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగు సిస్టము
* దక్షిణ మధ్య రైల్వే
* లినక్స్
* వర్చువల్ మెమొరీ