కుర్చీతోకూడ బండి నెక్కుట

నడువలేనివారికి చక్రముల కుర్చీ ఇంటిలో స్వేచ్ఛ నొసగును. కాని వాకిట నున్న మోటారుబండి నెక్కవలసి వచ్చినపుడు ఆ స్వేచ్ఛ గడపకడనే నిలిచిపోవును. ఈ చిక్కు ఎట్లు విడివడెనో కొంత ముచ్చటింతము.

అమెరికాలో గని ప్రమాదమున వెన్నెముక దెబ్బతిన్న హెర్బర్టు ఎవరెస్టు అను ఇంజనీరు, మిత్రుడు హారీ జెన్నింగ్సుతో కలిసి, 1930వ దశకమున కారులో పట్టునట్లు మడుచుకొను కుర్చీని రూపొందించెను. కుర్చీ కారెక్కెను. చేతులలో సత్తువ లేనివారిని ఎక్కించుటకు మాత్రము ఇతరులే రావలసి యుండెను.

ఇండియానా రాష్ట్రవాసి రాల్ఫ్ బ్రౌను (1940–2013)కు బాల్యముననే కండరములు క్షీణించు వ్యాధి కనబడెను. 1960వ దశకమున ఆయన పనిచేయు కర్మాగారము దూరమునకు తరలిపోయెను. ఉద్యోగము నిలుపుకొనుటకై పాత తపాలా జీపునకు చేతితో నడుపు సాధనములను, వెనుకవైపు కుర్చీని పైకెత్తు లిఫ్టును అమర్చుకొనెను. 1970 ప్రాంతమున పెద్ద వ్యానులు రాగా, వానికిని లిఫ్టును కూర్చెను. 1972 నాటికి ఆ పనియే ఆయనకు పూర్తి వ్యాపారమాయెను.

కావున లిఫ్టు నెన్నుకొనువారు బండికంటె ముందు మనిషిని చూడవలెనని మా మనవి. కుర్చీయు మనిషియు కలిసి బరువెంత? ద్వారము తలకు తగులకుండునా? మీట వారి చేతి కందునా? బ్యాటరీ పని మానినచో చేతితో దింపు వీలున్నదా? ధరమాట అటుపిమ్మట.

ఉదయమున ఎవరిని పిలువకయే పనికి పోగలుగుట బ్రౌను కోరిక. మన యింటివారును అదియే కోరుదురు.