నెత్తుటి గడ్డయు రాచపుండును

మన దివిసీమను జేరునప్పటికి కృష్ణ మందగించును. మేట వేసినచోట రెల్లు మొలచును. ఆ రెల్లు మఱికొంత యొండ్రును బట్టి యుంచును. తుద కది లంక యగును. రాచపుండునకును నెత్తుటి గడ్డకును గల పొత్తు ఇట్టిదే.

కారణము తెలియకయే సిరలలో రక్తము గడ్డకట్టుచుండినచో, లోపల రాచపుండు దాగియుండవచ్చునని పారిస్ నగరమున త్రూసో యను వైద్యుడు 1865లో శిష్యులకు బోధించెను. 1867 జనవరిలో తన దేహముననే యట్టి గడ్డ కనబడగా, తన వ్యాధి యేదియో యాతడు గ్రహించెను. ఆ జూన్ మాసముననే జీర్ణకోశమందలి రాచపుండుచే గతించెను.

ఇందలి కారణము పిమ్మటివారు కనుగొనిరి. రాచపుండు కణములు రక్తమును గడ్డకట్టించు పదార్థమును వెలువరించును. రక్తమందలి ఫలకికలు ఆ కణములను జుట్టుకొని, దేహరక్షక కణముల కంటబడకుండ గాచును. వాని వృద్ధికి దోహద మిచ్చును.

సోదరులారా! కాలు వాచిన ప్రతివానికి రాచపుండు కలదని భయపడరాదు. శస్త్రచికిత్సయు, బహుదినములు మంచము పట్టుటయు గడ్డలకు హేతువులే. ఐనను ఒక కాలు హఠాత్తుగా వాచి నొచ్చినచో, తైలము మర్దించుచు కాలము పుచ్చక వైద్యుని జూడవలెను. గడ్డ తెగి యూపిరితిత్తులను జేరినచో ప్రాణాపాయము. త్రూసో తన వ్యాధి నెఱిగియు, మందు లేక మరణించెను. నేడు గడ్డను నిలుపు మందులు కలవు. ఆలస్యమే మన శత్రువు.