కాళ్ల కింద రేకు

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరినప్పుడు మా సూళ్లూరుపేట కుర్రకారుకు యంత్రాల మీద మోజు పుట్టింది. గుమాస్తానైన నాకు ఆ మోజు నేటికీ తీరలేదు.

లేత్ పాత పనిముట్టే. చేత్తో పట్టే ఉలిని స్లైడుకు బిగించి, లీడ్ స్క్రూతో నడిపి, కచ్చితమైన మరలు తీసినవాడు ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే, 1800 ప్రాంతంలో. ఉలి నడిచే దారి తిన్నగా ఉండడమే అందులోని కీలకం. మనకు హైదరాబాదులో 1943లో ప్రాగా టూల్స్, బెంగళూరులో 1953లో హెచ్.ఎం.టి. వచ్చాయి.

నిరుడు డి.ఎ. బకాయిలతో చిన్న లేత్ కొన్నాను. నాలుగంగుళాల కడ్డీ తీస్తే ఒక కొస లావు, ఒక కొస సన్నం! "డబ్బు దండగ" అంది మా ఆవిడ. అమ్మేద్దామనుకున్నాను. రిటైరైన టర్నరు మిత్రుడొకరు వచ్చి బెడ్డు రెండు కొసలా రసమట్టం అడ్డంగా పెట్టి చూశారు. "మిషను మంచిదేనండీ. బల్ల వంకర. బోల్టులు బిగించేసరికి బెడ్డు మెలిపడింది" అన్నారు. ఒక కాలి కింద పలుచని రేకు పెట్టాం. మళ్లీ కడ్డీ తీసి, మైక్రోమీటరుతో రెండు కొసలూ కొలిచాం. మూడోసారికి సరిపోయాయి.

జీవితమంతా లెక్కలు సరిచూసినవాణ్ణి, ముందు బల్ల చూడాలని డెబ్బై దాటాక తెలుసుకున్నాను. లేత్ దగ్గరికి వెళ్లేవారు కండువా, చేతి తొడుగులు తీసేయండి. కళ్లద్దాలు మాత్రం మరువకండి.