పిల్లల మందు: వయసు లెక్క నుంచి ఆసుపత్రి గడప దాకా

పెద్దవాళ్లకు మాత్ర రాస్తే చాలావరకు మాత్రే ఇస్తారు. పిల్లలకు అలా కాదు. బరువు చూడాలి, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టాలి, వాటిని మిల్లీలీటర్లలోకి మార్చాలి, సిరంజిలోకి తీయాలి. ప్రతి మెట్టులోనూ పొరపాటుకు చోటుంది. ఆ పొరపాట్లను అరికట్టే ప్రయత్నాల చరిత్రను తిరగేస్తే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది: పిల్లల వంతు పెద్దల తరువాతే వచ్చింది.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్ వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త థామస్ యంగ్ పేరిట ఒక సూత్రం వాడుకలోకి వచ్చింది. బిడ్డ వయసుకు 12 కలిపి, ఆ మొత్తంతో వయసును భాగిస్తే పెద్దల డోసులో ఎంత భాగం ఇవ్వాలో తేలుతుంది. నాలుగేళ్ల పిల్లకు నాలుగో వంతు. క్లార్క్ సూత్రం వయసును వదిలి బరువును పట్టుకుంది. పౌండ్లలో ఉన్న బరువును 150తో భాగించింది. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: బిడ్డ అంటే పరిమాణం తగ్గిన పెద్ద మనిషి అని.

ఆ నమ్మకం పసిప్రాణాలను తీసింది. 1950ల్లో నవజాత శిశువులకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు కొందరు బూడిదరంగుకు తిరిగి, కుప్పకూలి చనిపోయారు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి వారి కాలేయానికి ఇంకా రాలేదని ఆ తరువాత తేలింది. పిల్లలపై సరిగా పరీక్షించకుండానే మందులు వాడుతున్నారని, ఈ పిల్లలు ‘చికిత్సలో అనాథలు’ అని 1960ల్లో అమెరికన్ వైద్యుడు హ్యారీ షర్కీ గట్టిగా చెప్పాడు. అయినా పిల్లలపై పరీక్షలను తప్పనిసరి చేసే చట్టం అమెరికాలో 2003లో గానీ రాలేదు.

ఆసుపత్రుల లోపలి పొరపాట్లను లెక్కపెట్టడం కూడా ఆలస్యంగానే మొదలైంది. 2001లో వెలువడిన బోస్టన్ అధ్యయనం పిల్లల వార్డుల్లో రాసిన 10,778 మందుల ఆదేశాలను పరిశీలించి 616 తప్పులు పట్టుకుంది. హాని చేయగల తప్పులు పెద్దల కంటే పిల్లల్లో మూడు రెట్లు ఎక్కువ. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే డోసు పదిరెట్లవుతుంది. సీసానే మారితే ఇంకా ఘోరం: 2006లో ఇండియానాపొలిస్‌లో, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్‌ను మిల్లీలీటరుకు 10 యూనిట్లది ఇవ్వాల్సిన చోట 10,000 యూనిట్ల సీసా వాడారు. ముగ్గురు శిశువులు చనిపోయారు. 2008లో అమెరికా ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, చేర్చుకునేటప్పుడే ప్రతి బిడ్డ బరువునూ కిలోల్లో తూచాలని సూచించింది.

కంప్యూటర్ వస్తే అంతా సర్దుకుంటుందన్న ఆశకు 2005లో పిట్స్‌బర్గ్ నుంచి హెచ్చరిక వచ్చింది. కంప్యూటర్‌లో మందులు రాసే పద్ధతి పెట్టాక, వేరే ఆసుపత్రుల నుంచి వచ్చి చేరిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయి. బిడ్డ వచ్చి, పేరు నమోదయ్యేదాకా మందు రాసే వీలు లేకపోవడం ఒక కారణమని పరిశోధకులు భావించారు. ఇలాంటి పద్ధతే పెట్టిన సియాటిల్ పిల్లల ఆసుపత్రిలో మాత్రం అలాంటి పెరుగుదల కనబడలేదు. అంటే యంత్రం కన్నా, దాన్ని ఎలా అమర్చామన్నదే ముఖ్యం.

ఇక మిగిలింది గడప దగ్గరి ప్రశ్న: బిడ్డ ఇంట్లో ఏ మందు వాడుతోంది? ఆ జాబితాను వార్డులో రాసిన మందులతో పోల్చి చూడాలని 2007లో బ్రిటన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి, కానీ పెద్దలకు మాత్రమే. పిల్లలు అందులోకి చేరింది 2015లో. ఈ పోలిక ఎందుకంటే, రోజూ వేసే ఫిట్స్ మందు కేస్ షీట్‌లో ఎక్కకపోతే, జ్వరంతో చేరిన బిడ్డకు వార్డులోనే ఫిట్స్ రావచ్చు. మందు పేరు తెలిసినా చాలదు. మన మందుల షాపుల్లోనే చూడండి: పారాసిటమాల్ డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, సిరప్ అయిదు మిల్లీలీటర్లలో 125 లేదా 250 ఉంటాయి. ‘అయిదు ఎం.ఎల్. వేశాం’ అని తల్లి చెబితే అది 125 కావచ్చు, 500 కూడా కావచ్చు. సీసా చూస్తే తప్ప తెలియదు.

ఈ ఒక్క పనికి కొత్త యంత్రమూ చట్టమూ అక్కర్లేదు. బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ, వాటి కొలత మూతలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. చివరి డోసు ఎప్పుడు వేశారో, ఏ మందు పడదో చెప్పండి. బరువు కిలోల్లో రాశారా అని అడగండి. డాక్టర్లూ నర్సులూ ఆ మాటను అడ్డు అనుకోకుండా, చికిత్సలో మొదటి భాగంగా వినాలి.